మీ హెల్మెట్ సూరిబాబుకి వదులైంది

ఏమండీ,

మీ సంవత్సరీకం నిన్ననే అయింది. ఇవాళ పొద్దున్నే మీ తమ్ముడు సూరిబాబు మన నిమ్‌పురా రైల్వే క్వార్టర్‌కి వచ్చి మీ హెల్మెట్ అడిగాడు. యుద్ధం నాటి పాత రన్‌వే మీద ఆదివారం కార్ల పందెం ఉంది. మీరు నడిపిన కారునే తను నడుపుతాడట.

అటక మీంచి నేనే దించాను. వాడి తలకి పెట్టి, పట్టీ బిగించి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కదలాలనేవారు కదా మీరు. కదల్లేదు. హెల్మెట్ ఒక్కటే తిరిగింది.

"ఏటవుతాది వదినా? లోపల పాత సీర ముక్కెట్టి కుట్టీయి. నాకు అన్నయ్యదే కావాల" అన్నాడు.

సూది కోసం లేచాను కూడా. ఆదివారం మీ హెల్మెట్ మళ్ళీ ఆ కారులో కనబడాలని నాకు మాత్రం ఉండదా? కానీ "గుడ్డ కుట్టిన హెల్మెట్టు దెబ్బకి ఊడొచ్చేస్తాది" అని మీ స్నేహితుణ్ణి మీరు కసురుకోవడం గుర్తొచ్చింది.

"వద్దు బాబూ, నీ తలకి సరిపోయేదే కొనుక్కో" అని కలకత్తా పంపాను.

సాయంత్రానికి కొత్తది తెచ్చాడు. మీదాని లాగే ముఖం తెరిచి ఉండే రకం. ఎక్కడైనా నొక్కుతుందేమో తెలియాలని, కొన్న రోజున మీరు చేసినట్టే, అది పెట్టుకునే అన్నానికి కూర్చున్నాడు. పక్కింటి బెంగాలీ దీదీ చూసి ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

వాడు వెళ్ళాక మీది నేను పెట్టుకున్నాను. నాకూ వదులే. తియ్యకుండానే అన్నం తిన్నాను.