నేహా అడిగిన స్కేలు

గురువారం రాత్రి, రైల్వే క్వార్టర్, బిలాస్‌పూర్

ఆ ఒక్క అంకె చెప్పేముందు స్క్రీన్ వైపు ఓసారి చూస్తే నా సొమ్మేం పోయేది?

ల్యాబ్‌లో మేడమ్‌కి కంప్యూటర్‌లో నేను గీసిన బొమ్మ చూపించాను. కింది ప్లేటుకు వోల్టేజీ ఇస్తే పైనున్న సన్నని సిలికాన్ రేకు ఆ ఆకర్షణకు వంగి, ప్లేటును తాకేస్తుందేమో అన్నట్టు కనిపించింది. మేడమ్ మురిసిపోయారు. అప్పుడే పక్క సీటు నేహా, "స్కేల్ కిత్నా రఖా, యార్?" అంది, వంపును ఎన్ని రెట్లు పెంచి చూపిస్తున్నావని. "ఏక్" అనేశాను. అంటే ఉన్నది ఉన్నట్టే గీశానని. "కళ్లెదుట కనిపిస్తున్నా అనుమానమేనా?" అని మేడమ్ అందరి ముందూ నేహాను కసిరారు.

టీ తాగి వచ్చి చూసుకున్నాను. కంటికి ఆనాలని సాఫ్ట్‌వేరే వంపును వంద రెట్లు పెంచి గీసింది. అసలు రేకు వంగీ వంగనట్టుంది. మేడమ్ గది తలుపు దాకా వెళ్లాను. సీసాలో నీళ్లు పట్టుకుని తిరిగొచ్చేశాను.

అన్నాల దగ్గర నాన్న ఇంజన్ షెడ్ కబుర్లు ఆపి, "ఏటమ్మా, వంగిందా నీ రేకు?" అని అడిగారు.

"ఆఁ, వంగింది నాన్నా."

"అచ్ఛా!" అంటూ ఆయన అమ్మ వైపు గర్వంగా చూసిన ఆ చూపు...

రేపు పొద్దున్నే మేడమ్‌కి చెప్పేయాలి, నేహా రాకముందే. కాదు, నేహా ఎదుటే చెప్పాలి కదా.

ఇందాక తనే మెసేజ్ పెట్టింది, నీ పనిని అనుమానించి అడగలేదు, సారీ అని.

పర్లేదులే అని జవాబిచ్చాను. తనని నేను క్షమించాను!