డ్రైవర్ ఎవరి పిల్లోడు?

గురువారం రాత్రి, కడప

శనివారం కర్నూలు కాలేజీలో లైబ్రేరియన్ ఇంటర్వ్యూ. అదే రోజు మా కారు నడిపే బాషా మామ కూతురి నిక్కా. వేరే డ్రైవర్‌తో నాన్న నన్ను పంపరు.

సాయంత్రం బాషా మామే ఫోన్‌లో ఒక కారు వీడియో చూపించాడు. సీటులో ఎవరూ లేరు, స్టీరింగ్ దానంతట అదే తిరుగుతోంది.

"ఇది వచ్చిందంటే నా పని గోవిందా, రెడ్డన్నా!"

"దీన్నెట్ల నమ్మేది బాషా? ఎవురి పిల్లోడని అడిగేది? ఆళ్లగడ్డ దాటినాక నాకు ఫోన్ ఎవురు చేస్తారు?" అన్నారు నాన్న.

నేను కర్నూలు వెళ్లినప్పుడల్లా మైదుకూరులో, ఆళ్లగడ్డలో, నంద్యాలలో మామ ఫోన్ చేసి "పాప బాగుండాదిన్నా" అని చెబుతాడు. వెనక సీటులో పుస్తకం తెరిచి వింటుంటాను.

టీ గ్లాసులు తీస్తూ "నేనెక్కుతా" అన్నాను. ఇద్దరూ నవ్వారు.

"బయం లేదా పాపా?" అన్నాడు మామ.

ఉంది. గొర్రెల మంద అడ్డొస్తే అది ఆగుతుందో లేదో. అయినా ఎక్కుతాను. అద్దంలో ఎవరి కళ్లూ ఉండవు. కుడివైపు నల్లమల. అహోబిలం మలుపు దగ్గర కాసేపు ఆగమంటే, ఎందుకని అడగదు.

ఆ కారు శనివారానికి రాదు. తెల్లవారుజామున కర్నూలు బస్సు మాత్రం ఉంది. దాని డ్రైవర్ ఎవరి పిల్లోడో ఊళ్లో ఎవరికీ తెలియదు, అయినా అందరూ ఎక్కుతారు. రేపు పొద్దున నాన్నతో ఈ ఒక్క మాట అనగలిగితే...