లీజెల్ నాలుగు వందల మీటర్లు దాటిన సంగతి

మినోసే పట్నం,
మార్చి 6.

విదేశీయుల నివాస వ్యవహారాల ప్రాంతీయాధికారి గారి సముఖమునకు,

మినోసే పట్నం రెండవ వార్డులో బట్టల మరమ్మతు, ఇస్త్రీ దుకాణం నడుపుకొను నొగామి హత్సుయే, వయసు 72, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కుమారి లీజెల్ అబుయెన్ (18 సం.)కు నివాసానుమతి నిరాకరించుట, ఆమె పేరిట "షరతు ఉల్లంఘన" అని నమోదు చేయుట – రెండింటినీ రద్దు చేయమని కోరుట గురించి.

సవినయముగా మనవి చేయునది ఏమనగా:

1. లీజెల్ కుటుంబానికి నేను పన్నెండేళ్ళుగా జామీనుదారును. తండ్రి రోడెల్ ఫిలిప్పీన్స్‌లోని సెబు నుంచి ఇక్కడి ఇనుప పోతల ఫ్యాక్టరీకి సక్రమమైన కాగితాలతోనే వచ్చాడు. భార్య మారితెస్‌నీ, రెండేళ్ళ లీజెల్‌నీ వెంట తెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడింది. దానితోపాటే కాగితాల గడువూ తీరింది. పని ఉంటేనే కాగితం అన్నారు ఒకచోట, కాగితం ఉంటేనే పని అన్నారు ఇంకోచోట. ఇలా తిరిగి తిరిగి మూడేళ్ళు గడిచాక మీ వాళ్ళు వచ్చి రోడెల్‌ని పట్టుకుపోయారు. ఎనిమిది నెలలు నిర్బంధంలో ఉంచి "తాత్కాలిక విడుదల" అన్నారు. ఈ దేశస్థులెవరైనా పూచీ పడాలన్నారు. వాళ్ళు మా దుకాణం పైవాటాలో ఉండేవాళ్ళు. నేను సంతకం పెట్టాను.

2. విడుదల షరతులు: పని చేయరాదు. అనుమతి లేనిదే జిల్లా దాటరాదు. నెలకొకసారి హాజరు కావలెను. ఆరోగ్య బీమా వర్తించదు. పని చేయకుండా ఏం తిని బతకాలో మాత్రం అందులో లేదు. వెనకవైపు ఉందేమోనని తిప్పి చూశాను, ఖాళీగా ఉంది. మారితెస్ నా దుకాణంలో పని చేయదు. ఊరికే వచ్చి కూర్చుంటుంది. ఆమె కూర్చున్నచోట చొక్కాలు వాటంతట అవే ఇస్త్రీ అయిపోతుంటే నేను చేయగలిగింది లేదు. (ఈ వాక్యం కొట్టివేసినట్టు భావించగలరు.)

3. రెండేళ్ళ నాలుగు నెలల కిందట ప్రభుత్వం కొత్త పద్ధతి ప్రకటించింది. ఇక్కడ బడికి పోతూ పెరిగిన, పద్దెనిమిది నిండని పిల్లలకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ నివాసానుమతి ఇస్తామన్నది. చిన్నపిల్ల మయుమి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు ఐదో తరగతి. లీజెల్‌కి అప్పటికి పదహారు కూడా నిండలేదు. ప్రకటన వచ్చిన వారంలోనే నలుగురికీ కలిపి దరఖాస్తు ఇచ్చాం. ఎప్పుడు అడిగినా "పరిశీలనలో ఉంది" అన్నారు. డిసెంబరు 9న లీజెల్‌కి పద్దెనిమిది నిండాయి. ఫిబ్రవరి 18న మీ నిర్ణయం వచ్చింది. పిల్లలు తల్లి ఒళ్ళో పెరుగుతారని విన్నాను గానీ, ఈ పిల్ల మీ బల్ల మీద పెరిగి పెద్దదయింది.

4. ఇక ఉల్లంఘన సంగతి. నా భర్త త్సునెయోకు డెబ్భై తొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళుగా మతి నిలకడ లేదు. నదికి అవతల, అంటే పక్క జిల్లాలో, నూలు మిల్లులో నలభై ఏళ్ళు పనిచేశారు. ఆ మిల్లు ఇప్పుడు లేదు, ఆ సంగతి ఆయనకు తెలియదు. జనవరి 14 మధ్యాహ్నం నేను ఒకామెకు పెళ్ళిబట్టల కొలతలు తీస్తుండగా ఇంటి చెప్పులతో బయటికి వెళ్ళిపోయారు. బడి నుంచి సైకిలు మీద వస్తున్న లీజెల్ చూసి ఫోను చేసింది.

"బామ్మా, తాత వంతెన మీద ఉన్నారు. సరిహద్దు బోర్డు దాటేశారు."

"పరిగెత్తి పట్టుకో!"

"నేను బోర్డు దాటకూడదు కదా బామ్మా."

జామీను పత్రం మీద సంతకం నాదే. ఫోనులో గాలి హోరు వినబడింది. తర్వాత సైకిలు కిందపడిన చప్పుడయింది.

నేను చేరేసరికి ఇద్దరూ అవతలి గట్టు కింద ఉన్నారు. ఆయన నడుములోతు నీళ్ళలోకి దిగిపోయారట, ఈ పిల్ల కూడా అంతదాకా దిగి ఒడ్డుకు లాగింది. తన బడి కోటు ఆయనకు కప్పి, తాను వణుకుతూ కూర్చుని ఉంది. "షిఫ్టుకి ఆలస్యమైంది, వదులమ్మా" అని ఆయన గొడవ. "ఇవాళ సెలవు తాతా, గేటు మీద రాసి పెట్టారు" అని ఇది సముదాయింపు. అవతలి ఒడ్డు కానిస్టేబులు వచ్చి, లీజెల్‌కి తల వంచి కృతజ్ఞత చెప్పి వెళ్ళాడు.

జనవరి 30న హాజరు పత్రంలో ఎప్పటిలాగే ప్రశ్న ఉంది: గడచిన నెల రోజులలో జిల్లా దాటితిరా?

"లేదని రాయవే" అన్నాను.

"దాటాను కదా బామ్మా."

"ఎవరు చూశారు?"

"ఆఫీసువాళ్ళెవరూ చూడలేదు. కానీ ఒక్కసారి అబద్ధం రాస్తే, రేపు నిజం రాసినా 'వీళ్ళింతే' అంటారు. మా నాన్నని అన్నారుగా."

"అవును. నాలుగు వందల మీటర్లు. ముప్పై ఐదు నిమిషాలు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. మీ గుమాస్తా దాని పక్కన ఎర్రసిరాతో "ఉల్లంఘన" అని వేశాడు. జామీనుదారు పర్యవేక్షణ లోపించిందని నాకూ హెచ్చరిక లేఖ పంపారు. లోపించిన మాట నిజమే. అయితే అది లీజెల్ విషయంలో కాదు, నా మొగుడి విషయంలో.

5. ఫిబ్రవరి 18న మీ కార్యాలయంలో జరిగినది జరిగినట్టు విన్నవించుకుంటాను. కౌంటరు కిటికీ వెనకున్న యువకుడు మర్యాదస్తుడే. పళ్ళెంలో మూడు నివాసపు కార్డులు పెట్టి ముందుకు జరిపాడు.

"నాలుగోది?" అన్నాను.

"లీజెల్ గారు మేజరు కదండీ. ఆవిడది విడిగా చూశాం. ఉల్లంఘన ఉంది కాబట్టి కుదరదన్నారు."

"మరి ఆ పిల్ల ఏం చెయ్యాలి?"

"సొంత దేశం వెళ్ళి విద్యార్థి వీసాకి పెట్టుకోవచ్చు. అయితే ఇక్కణ్ణుంచి పంపించేసినవాళ్ళు ఐదేళ్ళదాకా రాకూడదు."

లీజెల్ కిటికీ దగ్గరికి జరిగింది. "అక్కడి భాషలో నాకు మూడు మాటలే వచ్చండీ" అంది. "తిను, పడుకో, నోర్ముయ్. మా అమ్మ కోపమొస్తే అంటుంది. వాటితో ఏం చదవను?"

మయుమి తన కార్డు ముట్టుకోలేదు. "నాకెందుకిచ్చారు మరి?" అని అడిగింది.

"నువ్వు ఇక్కడ పుట్టావు కదమ్మా."

"అది నేను చేసిన పనేం కాదే. అక్క అయితే తాతని నీళ్ళలోంచి లాగింది."

యువకుడు సిరాదిండు మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

నేను లీజెల్‌ని దత్తత తీసుకుంటానన్నాను. ఆరేళ్ళు దాటినవాళ్ళకు దత్తత వల్ల అనుమతి రాదన్నాడు. అయితే సెబులో ఎవరైనా నన్నే దత్తత చేసుకుంటే ఈమె బదులు నన్ను పంపించేస్తారా అని అడిగాను. కొంచెం ఆలోచించి, అలాంటి ఫారం లేదన్నాడు.

6. లీజెల్ మా ఊరి నర్సింగు పాఠశాల ప్రవేశ పరీక్షలో రెండు వందల పద్నాలుగు మందిలో తొమ్మిదవది. మార్చి 31లోగా నివాసపు కార్డు చూపకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఈ ఊళ్ళో ముసలివాళ్ళను చూసుకోవడానికి మనుషులు లేరని వార్డు కార్యాలయం వాళ్ళు గోడగోడకూ కాగితాలు అంటించారు. మా గోడకూ అంటించారు. మీరు ఈ ఊరివైపు వచ్చినప్పుడు చదవగలరు.

కావున తమరిని ప్రార్థించునది:

(అ) లీజెల్ వయసును దరఖాస్తు మీకు చేరిన నాటి నుంచి లెక్కించవలెను. ఆలస్యం ఆమెది కాదు.

(ఆ) "ఉల్లంఘన" అన్న మాట కొట్టివేయవలెను. ఎవరి పేరిటనైనా ఆ మాట ఉండి తీరాలంటే నా పేరిట వ్రాసుకొనవలెను.

(ఇ) ఈ రెండూ కుదరవంటే, ఆ రోజు బోర్డు దగ్గర నిలబడి ఆమె ఏం చేసి ఉండవలసిందో తమ సంతకంతో వ్రాసి ఇప్పించవలెను. దాన్ని నేను పటం కట్టించి వంతెన మీద తగిలిస్తాను.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించినట్టు మాకు తెలిసేలా ఒక్క ముక్కయినా వ్రాయవలెను.

పన్నెండేళ్ళుగా తమ విధేయురాలు,
నొగామి హత్సుయే

తా.క. మార్చి 10. ఇది రాసి నాలుగు రోజులయినా పోస్టు చేయలేకపోయాను. ఆదివారం మారితెస్ మెట్ల మీద కూలబడిపోయింది. పిత్తాశయంలో రాళ్ళు. ఏళ్ళ తరబడి ఉన్న నొప్పే, బీమా లేక మాత్రలతో నెట్టుకొచ్చింది. ఇప్పుడు కార్డుంది, బీమా ఉంది. అయినా "నా కూతురికి లేనిది నాకొద్దు" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఇన్నేళ్ళలో లీజెల్ గొంతు పెంచడం నేను వినలేదు, ఆ రోజు విన్నాను.

"నాకు రాలేదని నువ్వు చచ్చిపోతావా? చచ్చిపోయి ఎవర్ని సాధిస్తావమ్మా? లే, చెప్పులేసుకో!"

తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చింది. గురువారం ఉదయం తొమ్మిదికి ఆపరేషను. డాక్టరు మాటలు తల్లికి సగమే అర్థమవుతాయి, పత్రాలు చదవడం రాదు. లీజెల్ చెయ్యి వదిలి ఆపరేషను గదిలోకి పోనంటోంది.

నిన్న మీ తాఖీదు వచ్చింది. దేశం విడిచిపోయే తేదీ చెప్పి సంతకం చేయడానికి లీజెల్ గురువారం ఉదయం తొమ్మిదికి హాజరు కావాలట. వేరే రోజు ఇవ్వమని ఫోను చేశాను. ఆస్పత్రి కారణం చూపాలంటే రోగి ఆమే అయి ఉండాలన్నారు.

అయ్యా, ఆమె రాదు. రావద్దని నేనే చెప్పాను. ఇది ముందుగానే తెలియజేస్తున్నాను, మళ్ళీ దాచామని అనకండి.

మా ఆయన్ని పక్కింటివాళ్ళకు అప్పగించి ఆమె బదులు నేను వస్తాను. మోకాళ్ళు బాగాలేవు, కిటికీ ముందు ఒక కుర్చీ వేయించండి. అన్నం నేనే తెచ్చుకుంటాను. జవాబు చెప్పేదాకా లేవను. ఐదింటికి తలుపులు మూయాలంటే నన్ను ఎత్తి బయట పెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. నేను చూడటానికి చిన్నగా ఉంటాను గానీ బరువైనదాన్ని. ముగ్గుర్ని పిలిపించుకోండి.