కొలనుకు పట్టిన పాచి

మంగళవారం, రాత్రి

కావలి కల్యాణమండపం గోడ మీద తామరకొలను ఈ రోజుతో పూర్తయిందనుకున్నాను. ఎప్పటిదో ఒక ఫ్రెంచి చిత్రకారుడి తోట కొలను అది. యజమాని రమణారెడ్డి గారు ఇచ్చిన ప్రింటును పక్కన పెట్టుకుని, అందులో నా కంటికి కనిపించిన రంగులను వరుసగా రాసుకుని, అంచులు లేని ఆ కుంచె మరకలను ఒక్కొక్కటిగా గోడకెక్కించాను. గేటు దగ్గర నుంచి చూస్తే నీళ్లు కదులుతున్నట్టే ఉంది.

సాయంత్రం రమణారెడ్డి గారు ఆ గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఏంది మస్తానూ, బొమ్మలో నీళ్లు నీలంగా ఉండాయి గదా. ఒక్క పెళ్లన్నా కాకముందే పాచి పట్టించినావే!"

నేనూ నవ్వాను. వెలుతురు చాలలేదని చెప్పాను. వెలుతురుకు లోటేమీ లేదు.

ఇంటికి వచ్చి, చొక్కాకు అంటిన రెండు రంగులను మా ఆవిడ షాహిదాకు చూపించి, నీలం ఏదని అడిగాను.

"ఇది నీలం, అది పచ్చ. అంత తేడా కనిపించలా నీకు?"

నాకు రెండూ ఒకటే. ఒక్కో కన్నూ మూసి చూశాను. ఒకటే.

"నెల్లూరు పోయి కళ్లు చూపించుకుందాం పా," అన్నది, నవ్వకుండా.

శుక్రవారం నుంచి జువ్వలదిన్నెలో పడవలకు రంగులు వేయాలి. ఈ చేతికి వేరే పని రాదు. ప్రింటులోని మసకంతా ఆ చిత్రకారుడి నేర్పే అనుకున్నాను. అందులో నా కంటిది ఎంతో...

రేపు నీలం అని రాసి ఉన్న డబ్బా తెరిచి వేస్తాను. ఎంత వేసినా నాకు మారినట్టు కనిపించదు. షాహిదాను గేటు దగ్గర నిలబెట్టి, నీళ్లు నీలమయ్యాక చెప్పమనాలి. అలా అడిగితే, నాకు రంగులు కనిపించడం లేదని నేనే ఒప్పుకున్నట్టే.