మూడో ఉత్తరం

జనవరి 9
డోరీన్ హాల్‌క్రో గారి పేరును ప్రావిన్సు ప్రభుత్వ మెడల్‌కు ప్రతిపాదిస్తున్నాను. గడువు జనవరి 31. కావలసినవి: దరఖాస్తు, సేవల జాబితా, మూడు మద్దతు ఉత్తరాలు. రెండు వచ్చాయి.

జనవరి 11
జాబితా పూర్తయింది. శాసనసభలో పదహారేళ్లు. ఆరోగ్య మంత్రిగా ఐదేళ్లు. రాజకీయాలు మానాక, ఇరవై రెండేళ్లుగా ఊళ్లోని రోగులను సొంత కారులో సాస్కటూన్ నగర ఆసుపత్రికి తీసుకెళ్లడం, ట్రిప్పులు 2,316. ఎవరిని ఎప్పుడు తీసుకెళ్లాలో రోస్టర్ రాసేది నేనే కనుక అంకెలో పొరపాటు లేదు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నన్ను నమ్మి ఆ పని అప్పగించినది ఆవిడే. అది జాబితాలో చేర్చలేదు.

జనవరి 14
జాబితా డోరీన్ గారికి చూపించాను. రెండుసార్లు చదివారు.
"బాగానే పేర్చావు గానీ గార్నెట్, నేను మూయించిన మన ఊరి ఆసుపత్రి ఏదయ్యా ఇందులో?" అని అడిగారు.
అది సేవ కాదు కదా అన్నాను.
"అది ఉండుంటే ఈ ట్రిప్పులెందుకు?" అని, ఆ మూసివేతను అన్నిటికంటే పైన తమ పెన్నుతో రాసేశారు. మూడో ఉత్తరం ఒరెస్ట్ రాయాలట, లేకపోతే పంపవద్దట.
సిరా అలుక్కుపోయింది. మళ్లీ రాయాలి.

జనవరి 15
ఒరెస్ట్ హ్రించుక్ ఆనాడు మూయవద్దని ఆసుపత్రి ముందు టెంటు వేసి పదకొండు రోజులు కూర్చున్నవాడు. ఇప్పుడు డయాలసిస్ రోగి. చూపు మందగించినా సాస్కటూన్‌కు తానే కారు నడుపుకుంటూ వెళ్తాడు. ఆవిడ కారు ఎక్కడు.

జనవరి 20
ఒరెస్ట్ ఇంటికి వెళ్లాను. బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీలు పెట్టాడు. జాబితా ముట్టలేదు.
"మంత్రిగారికి మెడల్ కూడానా? వేసుకుని ఊరేగమను!" అన్నాడు.
ఆవిడ చేతిరాత ఉన్న ఆ పాత జాబితా బల్ల మీదే వదిలి వచ్చాను.

జనవరి 27
ఏమీ రాలేదు. చలి మైనస్ 38 డిగ్రీలు.

జనవరి 31, ఉదయం 8:00
తలుపు కింద ఒరెస్ట్ కవరు. "మా ఆసుపత్రిని మూయించింది ఈవిడే. ఆ మాట తన చేత్తో రాసుకుంది. అందుకే సంతకం పెడుతున్నాను." వెనక పెన్సిలుతో: "రేపు కారులో ఖాళీ ఉందా?"

8:20
ఉంది. స్కాన్ చేసి అన్నీ పంపాను.

ఫిబ్రవరి 1, ఉదయం 6:40
2,323వ ట్రిప్పు. డోరీన్ గారు, చలికి రాత్రంతా గోడకు తగిలించి ఉంచిన ఇంజన్ హీటర్ ప్లగ్గు తీయకుండానే కారు కదిలించబోయారు. "ఆగమ్మా తల్లీ, గోడ కూడా వెంట వస్తుంది!" అని ఒరెస్ట్ అరిచాడు. తానే తీగ పీకి, చుట్టి, ముందు సీట్లో కూర్చున్నాడు.
రోస్టర్‌లో అతనికి వెనక సీటు అని రాశాను. దిద్దాలి.