బజారుకెక్కిన ఉత్తరాలు

హైదరాబాద్,
16 జూన్ 2013

ప్రియమైన దశరథ్‌కు,

ఇట్లా మొదలుపెట్టొచ్చో లేదో తెలియదు. పెద్దవాళ్ళు మాట ఇచ్చుకున్నారు గానీ పెళ్ళి తేదీ పెట్టుకోలేదు కాబట్టి, "ప్రియమైన" అనే మాట కొంచెం ముందే వాడేస్తున్నానేమో. కొట్టేస్తే కాగితం పాడవుతుంది, ఉండనివ్వండి.

ఫోన్ చేయమంటే ఉత్తరం రాస్తోందేమిటీ పిల్ల అనుకుని ఉంటారు. నా ఉద్యోగం అట్లాంటిది. మా కంపెనీ వీడియో గేములు తయారు చేస్తుందని మీకు తెలుసు. నేను ఆటలు తయారు చేయను. తయారవుతున్న ఆట బయటికి పొక్కకుండా కాపలా కాసే జట్టులో ఉంటాను. వందలమంది ఏళ్ళ తరబడి కష్టపడి చేసినదాన్ని ఎవరో ఒకరు ఫోన్‌తో ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెడితే, విడుదల రోజున జనం చూడటానికి ఏం మిగులుతుంది? అందుకే లోపలికి రాకముందే అందరి ఫోన్లూ లాకర్లో పెట్టించుకుంటాం. కంప్యూటర్లకు పెన్‌డ్రైవ్ పెట్టే సందుల్లో జిగురు పోసి మూసేశాం. ఆట అసలు పేరు ఎవరూ పలకరు, లోపల దానికొక కూరగాయ పేరుంది. ఏ కూరగాయో అడగకండి. ఆటలు ఆడేవాళ్ళ పేర్లూ పాస్‌వర్డులూ లక్షల్లో మా దగ్గరుంటాయి, వాటికీ మేమే కాపలా. పోయిన నెల మావాళ్ళను పరీక్షించడానికి "మీకు బహుమతి వచ్చింది, ఇక్కడ నొక్కండి" అని మేమే ఒక దొంగ మెయిల్ పంపాం. అందరికంటే ముందు నొక్కింది మా మేనేజర్.

ఫోన్లో మాటలు ఎట్లా జారిపోతాయో రోజూ చూస్తాను గనుక నాకు కాగితం మీదే నమ్మకం. అంటించిన కవరును మించిన తాళం లేదు.

ఆ నమ్మకంతోనే ఒకటి చెప్తున్నా. నన్ను చూడటానికి వచ్చిన రోజు మీరు రెండుసార్లు పెట్టించుకుని తిన్న సేమ్యా పాయసం, అదే షీర్ ఖుర్మా, నేను చేసింది కాదు. పక్కింటి బిస్మిల్లాబీ చేసింది. "మా రోజనే చేసింది" అని అమ్మ చెప్తుంటే తలెత్తలేక నేల చూస్తూ కూర్చున్నాను. మీరు దాన్ని సిగ్గు అనుకున్నారు. ఈ సంగతి మన మధ్యే ఉండాలి.

ఆట విడుదలయ్యాక తేదీ చెప్తానని నాయనతో అన్నాను. అప్పటిదాకా ఉత్తరాల్లో ఒకరినొకరం తెలుసుకుందాం. అత్తమ్మకు నా వందనాలు.

ఇట్లు,
రోజ


నారాయణఖేడ్,
23 జూన్ 2013

ప్రియమైన రోజకు,

నువ్వు కొట్టేయలేదు కాబట్టి నేనూ ధైర్యం చేసి అదే మాట రాశాను.

నీ ఉత్తరం షాపుకు వచ్చింది. మెకానిక్ చేతులు కదా, మరక పడకూడదని రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కుని విప్పాను. నాతో పనిచేసే యోసేపు స్పానర్ పట్టుకుని నా భుజం మీదికి వంగాడు. మా చిన్నాయన మొగులప్ప పొద్దంతా షాపులోనే కూర్చుంటాడని నీకు తెలుసు కదా, ఆయన పేపరు పక్కన పెట్టి "ఏం రాసిందిరా" అన్నాడు. ఇంటికి పోతే అమ్మదీ అదే ప్రశ్న. ముగ్గురికీ "ఆరోగ్యం బాగుందట" అని చెప్పాను. నీ ఆరోగ్యం గురించి ఇంత పెద్ద ఉత్తరమా అని అమ్మ పరేషాన్ అయింది.

షీర్ ఖుర్మా సంగతి చదివి యోసేపు ముందరే నవ్వేశాను. ఆ రోజు నేల చూస్తూ కూర్చున్న పిల్లను చూసి, ఇంత నెమ్మదైన మనిషి పక్కన నా నోరు ఎట్లా ఊరుకుంటుందో అని భయపడ్డాను. ఇప్పుడు భయం పోయింది. నాదీ ఒకటి చెప్తా. ఆ రోజు నేను ఎక్కి వచ్చిన కొత్త బండి నాది కాదు, కల్హేర్ నుంచి రిపేరుకు వచ్చింది. దాని ఓనరు సాయంత్రం వచ్చి, పెట్రోల్ ఎందుకు తగ్గిందని గొడవ పెట్టుకున్నాడు.

మీ నాయన బస్టాండులో కంట్రోలర్ డ్యూటీ దిగి మా షాపు ముందు నుంచే ఇంటికి పోతుంటారు. నమస్తే చెప్తూనే ఉన్నాను. జల్దీ రాయి.

ప్రేమతో,
దశరథ్


హైదరాబాద్,
7 జూలై 2013

ప్రియమైన దశరథ్‌కు,

కోపంతో రాస్తున్నాను. ముందే చెప్పేస్తే మంచిది.

ఈ ఆదివారం ఫోన్లో అమ్మ, "షీర్ ఖుర్మా ముచ్చట ఎవరికి చెప్పినవే? చర్చిల అందరు నన్ను జూసి నవ్వుతున్నరు" అంది. ఊరంతా తెలిసిపోయి బిస్మిల్లాబీకి రెండు పెళ్ళిళ్ళ వంట కూడా ఒప్పజెప్పారట. ఆమెకు మంచే జరిగింది, సంతోషం. కానీ నేను చెప్పింది మీ ఒక్కరికే.

నాకిది నవ్వులాట కాదు. పెళ్ళయ్యాక వారంలో సగం రోజులు ఖేడ్ నుంచే పని చేసుకోమని కంపెనీ ఒప్పుకుంది. నా కంప్యూటర్ మీద కనబడిన ఒక్క మాట మీ ఇంటి గడప దాటినా నా ఉద్యోగం పోతుంది, అందరి కష్టమూ మట్టిలో కలుస్తుంది. మాట నిలవని ఇంట్లోకి నేను రాలేను. ఎవరు మోస్తున్నారో తేలేదాకా తేదీ గురించి నన్ను అడగకండి.

తేల్చడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆటను ముందుగా ఆడి చూడమని బయటివాళ్ళు కొందరికి ఇస్తాం. అందరికీ ఇచ్చేది ఒకే ఆట, కానీ ఒక్కొక్కరి దాంట్లో ఒక చిన్న తేడా పెడతాం. ఒకరి ఆటలో దుకాణం తలుపు పచ్చగా ఉంటే, ఇంకొకరి దాంట్లో ఎర్రగా ఉంటుంది. ఎవరికీ కనిపెట్టడం రాదు. బొమ్మ బయటికి వచ్చిందంటే తలుపు రంగు చూస్తాం, ఎవరి దగ్గర నుంచి జారిందో తెలిసిపోతుంది.

మీరూ అదే చేయండి. నేను రాశానని చెప్పి, మీవాళ్ళు ముగ్గురికీ మూడు వేర్వేరు మాటలు చెప్పండి. ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియకూడదు. ఏ మాట బజారులో వినబడుతుందో చూద్దాం.

కోపం కొంచెం తగ్గింది గనుక ఒక మంచి మాట. హాస్టల్లో ఒక తెల్లపిల్లిని సాకుతున్నా. మన పక్క ఊరు కంగ్టి పేరే పెట్టాను. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టదు, మా వార్డెన్‌ను అసలు లెక్కచేయదు.

ఇట్లు,
రోజ


నారాయణఖేడ్,
17 జూలై 2013

ప్రియమైన రోజకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. పెళ్ళికి తెల్లచీర వద్దు, నీలిచీర కావాలంటోందని అమ్మకు చెప్పాను. విందులో మాంసం పెట్టొద్దంటోందని చిన్నాయనకు చెప్పాను. నన్ను మీసం తీసేయమంటోందని యోసేపుకు చెప్పాను.

రోజా, ఇంత పాపం నేనెప్పుడూ చేయలేదు. అమ్మ ఆ పూట అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "నీలిచీర కూడ మంచిగనే ఉంటదిలే" అని తనకు తానే చెప్పుకుంది. యోసేపు రోజుకొకసారి నా మీసాన్ని చూసి నిట్టూరుస్తాడు. చిన్నాయన సంగతి మరీ ఘోరం. మాంసం లేని పెళ్ళి అన్నది ఎవరికీ చెప్పుకోలేక ఆయనకు జ్వరమే వచ్చింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరుకు కూడా చెప్పలేదు. "పెండ్లి కావాల్సిన పిల్ల మాట, బయటేస్తే మంచిగుండదు" అన్నాడు నాతో.

వారం రోజులుగా చెవులు రిక్కించి తిరుగుతున్నాను. చాయ్ దుకాణంలో లేదు, చర్చిలో లేదు, అంగడిలో లేదు. మూడింటిలో ఒక్కటీ బయటికి రాలేదు. మా ఇంట్లో మాట నిలుస్తుందనే అనుకుంటున్నా. తేదీ అడగొద్దన్నావు, అడగట్లేదు. ఊరికే గుర్తుచేస్తున్నానంతే.

కంగ్టిని అడిగానని చెప్పు.

ప్రేమతో,
దశరథ్


హైదరాబాద్,
28 జూలై 2013

దశరథ్‌కు,

మీ ముగ్గురి మాటలూ బయటికి రాలేదు. నిజమే. వాళ్ళను అనుమానించినందుకు నాకు సిగ్గుగా ఉంది.

కానీ ఈరోజు ఫోన్లో అమ్మ, "పిల్లికి కంగ్టి అని పేరు వెట్టినవంట? పెండ్లికి దాన్ని గూడ తెస్తవా అని సంఘంల అడుగుతున్నరు" అంది.

మా హాస్టల్లో పిల్లి లేదు. మా ఆఫీసులో తలుపు రంగు మార్చేవాళ్ళ ఆటలో కూడా ఒక తేడా ఉంటుంది, అది వాళ్ళకు చెప్పరు. మీ ఉత్తరంలో నేను పెట్టిన తేడా ఆ పిల్లి. ఆ మాట మీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎవరికి చెప్పారో నిజం రాయండి. రాయలేకపోతే ఇక ఉత్తరమే వద్దు. పెద్దవాళ్ళకు నేనే చెప్పుకుంటాను.

రోజ


నారాయణఖేడ్,
1 ఆగస్టు 2013

ప్రియమైన రోజకు,

నువ్వు "ప్రియమైన" తీసేశావు. చూశాను. నేను మాత్రం తీయలేను.

చెప్పింది నేనే. నేను చెప్పింది మీ నాయనకు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన సాయంత్రం ఆయన డ్యూటీ దిగి, టిఫిన్ డబ్బాతో సహా మా షాపులోకి వచ్చారు. యోసేపునూ చిన్నాయననూ చాయ్‌కి పంపించి, పాత టైరు మీద కూర్చున్నారు. "అల్లుడా, రెండేండ్ల సంది ఫోన్ల నా బిడ్డ 'బాగున్న నాయనా, తిన్న నాయనా' అంటది. గంతే. ఆఫీసు ముచ్చట అడిగితే చెప్పొద్దంటది. నీకు నాలుగు కాగితాలు రాసిందంట. ఏం రాసిందో గింత సదివి చెప్తవా? నేనడిగినట్టు దానికి చెప్పకు. నా మీద గూడ కాపలా పెడ్తది" అన్నారు. నేను మాటిచ్చాను.

నీ మాటలు మీ నాయనకు చదివితే అది బయటికి పోవడం ఎట్లా అవుతుంది అనుకున్నా. మన మధ్యే ఉండాలన్న షీర్ ఖుర్మా సంగతి కూడా చదివేశాను, అది తప్పు. రెండో ఉత్తరంలో కోపం ఉన్న భాగమంతా దాటేసి పిల్లి దగ్గర చదివాను. ఆయన ఎంత నవ్వారో. "కంగ్టి అని వెట్టిందా" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. ఇక మన ఇద్దరి మాటలు వచ్చే చోటికి నేను చేరేలోపే, దగ్గుతూ లేచి బయటికి పోయేవారు.

ఆయన చెడ్డగా ఏదీ చెప్పలేదు. "మా బిడ్డ అబద్దం దాసుకోలేకపొయింది సూడు" అని గర్వంగా బస్టాండులో చెప్పుకున్నారట. విన్న డ్రైవర్లు కల్హేర్‌కూ బోరంచకూ మోసుకుపోయారు.

నీ కోపం ఉత్తరం చదివినప్పుడే నాకు అనుమానం వచ్చింది. కానీ ఆయనకు మాటిచ్చి ఉన్నాను. నిన్న బస్టాండుకు పోయి, నా మాట నాకు వాపసు ఇవ్వమని అడిగాను. ఆయన టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని లేచారు. "సెప్పు. పెండ్లి ఆగొద్దు. ఇగ నేనేం అడగ" అన్నారు. రోజా, ఆయన ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు.

నన్ను ఏమన్నా పడతాను.

దశరథ్


హైదరాబాద్,
10 ఆగస్టు 2013

ప్రియమైన దశరథ్‌కు,

నువ్వు అని రాస్తున్నాను. ఇంత గొడవ పడ్డాక ఇంకా మీరేమిటి.

నీ ఉత్తరం చదవగానే నాయన మీద కోపం వచ్చింది. మధ్యాహ్నానికి నవ్వొచ్చింది. లేని పిల్లికి మా అమ్మ ఊళ్ళో అందరికీ జవాబు చెప్పుకుంటోందని తలచుకుని, తింటున్నదాన్ని పొలమారి దగ్గాను. సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. ఆట గురించి చెప్పొద్దని కంపెనీ నాతో సంతకం చేయించుకుంది. నేనేం తిన్నానో, ఎవరితో నవ్వానో, ఏ రోజు ఊరు గుర్తొచ్చిందో చెప్పొద్దని ఏ కాగితంలోనూ లేదు. నోరు కట్టేసుకోవడం అలవాటైపోయి, నాయనకు నన్నే లేకుండా చేశాను. ప్రతి ఆదివారం "ఏం సంగతి బిడ్డా" అని ఆయన అడిగేవాడు. "ఏం లేదు నాయనా" అనేదాన్ని. ఆ మాట విని ఫోన్ పెట్టేసి ఆయన ఏం చేసేవాడో నేనెప్పుడూ ఆలోచించలేదు.

నీ సంగతికొస్తే, నా మాట నువ్వు దాచలేదు. తేదీ చెప్పనని బెదిరించినా మా నాయన మాట మాత్రం దాచావు, ఆయన సరే అన్నాకే నోరు విప్పావు. అట్లాంటి మనిషి కోసం మా జట్టులో నెలల తరబడి వెతుకుతాం. ఇక మీదట మన మధ్యే అన్నది మన మధ్యే ఉండాలి, తెలిసిందా. అత్తమ్మకు తెల్లచీరే కట్టుకుంటానని చెప్పు. మీ చిన్నాయనకు మాంసం సంగతి ముందు చెప్పు, జ్వరం దిగుతుంది. మీసం నీ ఇష్టం.

నిన్న మధ్యాహ్నం లాకర్లోంచి ఫోన్ తీసుకుని బయటికి వచ్చి నాయనకు చేశాను. పనిరోజు కదా, "ఏమైంది బిడ్డా, పానం బాగలేదా" అని కంగారు పడ్డాడు. ఏం కాలేదు నాయనా, ఊరికే నీతో మాట్లాడదామని అన్నాను. వెనక బస్సుల హారన్లు మోగుతూనే ఉన్నాయి. "ఆగు బిడ్డా, కుర్చేసుకుంట" అన్నాడు.

ఎంతసేపు మాట్లాడానో తెలియదు. హాస్టల్ ఉప్మా గురించి, దొంగ మెయిల్ నొక్కిన మేనేజర్ గురించి, బట్టలు ఉతుక్కునే దగ్గర గొడవల గురించి, అన్నీ చెప్పాను. మధ్యలో ఎవరో డ్రైవర్ వచ్చి పిలిస్తే "బిడ్డతోని మాట్లాడుతున్న, జెర ఆగు" అని కసిరాడు. నా మూలంగా నిన్న ఏదో ఒక బస్సు ఆలస్యమైంది.

ఆట ఎప్పుడు విడుదలవుతుందో ఇప్పటికీ ఎవరికీ చెప్పను. దానికోసం పెళ్ళి ఆపడం మాత్రం మానేశాను. తేదీ పెట్టేశాను. నీకంటే ముందు నాయనకే చెప్పాను, ఎవరికీ చెప్పొద్దని మాత్రం అనలేదు. ఈ ఉత్తరం చేరేలోపు నీకు తెలిసే ఉంటుంది. ఒకవేళ తెలియకపోతే, సాయంత్రం షాపు మూసి బస్టాండుకు పోయి, "మామా, మీ బిడ్డ ఏం చెప్పింది" అని అడుగు.

ప్రేమతో,
నీ రోజ