కింది బొత్తం నుంచి

దర్జీ పని మానుకుని ఇంటిపట్టున ఉంటున్న నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించిన వీలునామా ఇది. నాకు మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టరుగారు తేల్చారు. ఈ రోజు మాత్రం తెలివితోనే ఉన్నానని ఆయనే సర్టిఫికెట్ ఇచ్చారు. అందుకే ఇప్పుడే రాయిస్తున్నాను.

1. నా స్వార్జితమైన ఇంటిని నా తదనంతరం నా కొడుకు జీవితాంతం అనుభవించాలి. వాడికి నలభై దాటాయి, పుట్టుకతోనే బుద్ధి నిదానం. వాడున్నంతకాలం ఈ ఇంటిని అమ్మడానికి గానీ, అద్దెకివ్వడానికి గానీ, వాణ్ణి ఏ హోంలోనైనా చేర్చడానికి గానీ ఎవరికీ హక్కు లేదు. వాడి తర్వాత ఇల్లు నా కూతురిది.

2. మా మరిదికి హాల్లోని పడక్కుర్చీ. "వదినా, మీకా గుర్తుండదు, వాడికా తెలీదు. ఇద్దర్నీ చెరోచోట చేర్పించి ఇల్లు అద్దెకిచ్చేద్దాం" అని అందులో కూర్చునే సెలవిచ్చాడు. అప్పుడు తాగిన టీ మావాడు పెట్టిందే. ఇకనుంచి సలహాలు వాళ్లింట్లోనే కూర్చుని చెప్పుకోవచ్చు.

3. కుట్టు మిషను, కత్తెర, నా గాజులు కూతురికి. ఈ వీలునామా అమలు, అన్న సంరక్షణ దానికే అప్పగిస్తున్నాను. అమ్మడూ, అన్నయ్య చొక్కా బొత్తాలు నువ్వు పెట్టకు. వాడే పెట్టుకుంటాడు, కింది నుంచి. పైనుంచి మొదలుపెడితే అన్నీ విప్పేసి రోజంతా అలుగుతాడు. కిందైతే రెండు అంచులూ కళ్లకు కనబడతాయని నేనే అలా నేర్పాను. దానికి ఏళ్లు పట్టింది. దర్జీ కొడుక్కి బొత్తాలు రావా అని వీధంతా నవ్వింది.

4. ఇది ఆస్తి కాదు, అయినా రాయండి లాయరుగారూ. మొన్న పొద్దున స్వెటర్ తొడుక్కుని నిలబడిపోయాను. బొత్తాలు ఎలా పెట్టుకోవాలో తోచలేదు. భయమేసి ఏడ్చాను. మావాడొచ్చి నా ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. నా చెయ్యి తీసి కింది బొత్తం మీద పెట్టి, "ఇక్కణ్ణించి రా. తొందరేం లేదు. నేనున్నాగా" అన్నాడు. అవి నేను వాడికి చెప్పిన మాటలే. తను పెట్టెయ్యలేదు, ఆఖరిదాకా నాచేతే పెట్టించాడు. అంత ఓర్పున్న మనిషిని నేను చూడలేదు, వాడు నా కడుపున పుట్టినందుకు గర్వంగా ఉంది.

5. ఆ స్వెటర్ వాడికే. రేపు నేను వాణ్ణి ఎవరు నువ్వని అడిగినా సరే, బతికినన్నాళ్లూ మమ్మల్ని విడదీయొద్దు. పేరు మర్చిపోతానేమో, ఆ గొంతు చెప్పినట్టు వింటాను.

ఆస్తి పొందేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదట. అందుకని మావాడు మూతి ముడుచుకుని నా పక్కనే కూర్చున్నాడు. సంతకం దగ్గర నా చెయ్యి ఆగితే లాయరుగారు కంగారుపడనక్కర్లేదు. ఏం చెప్పాలో వాడికి తెలుసు.

తేదీ: డిసెంబర్ పద్నాలుగు
సంతకం: దర్జీ అమ్మ
సాక్షులు: మలుపులో మందుల షాపాయన, మేడమీది టీచరమ్మ